ఎండకు పోయిన ప్రాణానికి లెక్క ఉండాలి

(2025 మే మొదటి వారంలో ఖమ్మం జిల్లాలో రైతులు, కూలీలు కలిసి జరుపుకున్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సమావేశాన్ని పొద్దున ఏడింటికే మొదలుపెట్టాం. పదిన్నరకల్లా ముగించి మిమ్మల్ని ఇళ్లకు పంపాలని అనుకున్నాం. ఎండ గురించి మాట్లాడే సభను మిట్టమధ్యాహ్నం షామియానా కింద నడిపితే జనం నవ్వుతారు. అందుకని సూటిగా విషయానికి వస్తాం.

2015 మే నెల మనలో ఎవరూ మరిచిపోలేదు. ఖమ్మంలో ఎండ 48 డిగ్రీల దాకా పోయింది. ఆ ఒక్క వేసవిలో ఆంధ్రప్రదేశ్‌లో 1,369 మంది, తెలంగాణలో 541 మంది వడదెబ్బకు చనిపోయారని ప్రభుత్వాలే లెక్క చెప్పాయి. చనిపోయిన వాళ్లలో ఎక్కువ మంది ముసలివాళ్లు, కూలీలు. ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్ లెక్క చూడండి. 2016లో 723. 2017లో 236. 2018లో 8. మూడేళ్లలో వేల నుంచి ఒకట్లలోకి దిగింది. కొంత మేలు జరిగిన మాట నిజమే, కాదనం. చలివేంద్రాలు పెట్టారు, ఫోన్లకు హెచ్చరికలు పంపారు, ఆశా కార్యకర్తల చేతికి ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు ఇచ్చారు. ఏ ఏడు ఎండ ఆ ఏడు వేరు అన్నదీ నిజమే. కానీ అంత పెద్ద రాష్ట్రంలో, ఏడాదంతా కలిపి ఎనిమిది మందేనా? ఊళ్లో ఉండే వాడెవడూ ఈ మాట నమ్మడు. చావులు తగ్గినంత వేగంగా లెక్క తగ్గలేదు, లెక్కే ముందు పరుగెత్తిందని మా అనుమానం.

లెక్క ఎక్కడ తప్పిపోతుందో మనకు తెలుసు. మిర్చి ఏరే ఒక అక్కను తీసుకోండి. పొద్దున వంట చేసి, సద్ది కట్టుకొని, ఆటోలో ఇరవై మందితో కలిసి వస్తుంది. ఏరుడు కూలి కిలోల లెక్కన. కూర్చుంటే కూలి పడదు. తోటలో చెట్టు ఉండదు, ఎందుకంటే చెట్టు నీడ పడితే మిరప కాయదని మనమే కొట్టేశాం. మూత్రానికి పోవడానికి చాటు ఉండదు కాబట్టి ఆ అక్క నీళ్లు తాగదు. ఇది మగవాళ్లకు తట్టని సంగతి, అందుకే ప్రత్యేకంగా చెబుతున్నాం. మధ్యాహ్నానికి తలనొప్పి అంటుంది. మేస్త్రి ఓ మాత్ర ఇస్తాడు. సాయంత్రం ఇంటికి పోయి వాంతి చేసుకుంటుంది. రేకుల ఇల్లు, రాత్రి పది దాటినా కొలిమిలా ఉంటుంది. తెల్లారేసరికి లేవదు. పొలంలో పడిపోలేదు కదా, వడదెబ్బ ఎట్లా అవుతుంది అంటారు. గుండెపోటు అని రాస్తారు, లేదంటే ఏమీ రాయరు. మధ్యాహ్నానికల్లా దహనం అయిపోతుంది. ఇలాంటివి మా మండలంలోనే కళ్లారా చూశాం. ఒక కుటుంబం కాగితం పట్టుకొని ఒక కార్యాలయం చుట్టూ రెండేళ్లు తిరిగింది. పోస్టుమార్టం ఉందా అన్నారు. లేదు. అయితే లేదు అన్నారు.

ఎండ మనిషిని ఎలా చంపుతుందో నాలుగు మాటల్లో చెప్పుకుందాం. తెలిస్తేనే అడ్డుకోగలం. మన ఒంటి వేడి 37 డిగ్రీల దగ్గర నిలబడాలి. పని చేస్తే ఒంట్లో వేడి పుడుతుంది. బయట గాలి ఒంటికన్నా వేడిగా ఉంటే ఆ వేడి పోవడానికి ఉన్న ఒకే దారి చెమట. ఇంట్లో మట్టి కుండ ఎందుకు చల్లగా ఉంటుంది? గోడల గుండా ఊరిన నీరు ఆరిపోతూ వేడిని లాక్కుపోతుంది కనక. మన ఒళ్లూ కుండ లాంటిదే. ముసురు పట్టిన రోజున కుండలో నీళ్లు చల్లబడవు గమనించారా? గాలిలో తేమ ఉంటే చెమట కారుతుంది గాని ఆరదు. అందుకే కోస్తాలో 40 డిగ్రీలకు పడే బాధ మన దగ్గర 44కు పడే బాధకు తక్కువేమీ కాదు. మన దగ్గర పొడి గాలి, చెమట పట్టినట్టే తెలియదు, పుట్టింది పుట్టినట్టే ఆరిపోతుంది. గంటకు లీటరు నీరు ఒంట్లోంచి పోతున్నా తడి కనబడదు. మనవాళ్లు మోసపోయేది అక్కడే.

ఇంకో సంగతి. పేపర్లో వేసే 44, 45 డిగ్రీలు నీడలో కొలిచినవి. తెల్ల పెట్టెలో, గాలి ఆడేలా పెట్టిన థర్మామీటరు చెప్పేది అది. మిరప సాళ్ల మధ్య వంగి ఉన్న మనిషికి పైన ఎండ, కింద నేల సెగ. ఆ మనిషి నెత్తి మీద పడేది పేపర్లో అంకె కాదు.

చెమట పట్టడం ఒంటి చేత కాకపోయినప్పుడు వేడి 40 దాటుతుంది. అప్పుడు మనిషి మాట తడబడుతుంది, పొంతన లేకుండా మాట్లాడతాడు, కోపంగా అరుస్తాడు, తూలతాడు. తాగి వచ్చాడని నవ్వుకుంటాం. అది తాగుడు కాదు, మెదడు ఉడుకుతున్న గుర్తు. చెమట ఆగిపోతేనే వడదెబ్బ అనుకోకండి. కష్టం చేస్తూ పడిపోయిన వాడికి చెమట పడుతూనే ఉండవచ్చు. అప్పుడు 108కి ఫోన్ చేయండి, కానీ అది వచ్చేదాకా చేతులు కట్టుకు నిలబడొద్దు. నీడలోకి చేర్చి, బట్టలు వదులు చేసి, మోటారు దగ్గర ఉంటే మోటారు కిందే పడుకోబెట్టి ఒళ్లంతా తడపండి. తువాళ్లతో విసరండి. ఐసు దొరికితే మెడ దగ్గర, చంకల్లో, గజ్జల్లో పెట్టండి. స్పృహ లేని వాడి నోట్లో నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. జ్వరం మాత్ర ఈ వేడికి పనిచేయదు. మొదటి అరగంటలో ఒళ్లు చల్లబడితే మనిషి దక్కుతాడు. ఆసుపత్రికి తొందరగా చేర్చాలని తడపకుండా మూసిన ఆటోలో వేసుకొని పోవడం చాలా చోట్ల జరుగుతోంది. ముందు తడపండి, తర్వాత తరలించండి.

పనిలో ఉన్నప్పుడు దాహం వేసేదాకా ఆగొద్దు. ఇరవై నిమిషాలకు ఒక గ్లాసు. వట్టి నీళ్లే తాగితే ఉప్పు పోయి పిక్కలు పట్టేస్తాయి. మజ్జిగలో ఉప్పు, అంబలి, గంజి, ఇవన్నీ మన తాతలు ఊరికే తాగలేదు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్లలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు చాలు. రంగు నీళ్ల సీసాలు కొనుక్కోవాల్సిన పని లేదు.

ఇప్పుడు అసలు గొడవకు వద్దాం. టీవీలో రోజూ చెబుతారు, పదకొండు నుంచి నాలుగు దాకా బయటికి రావొద్దని. మంచి మాటే. ఎవరికి చెబుతున్నారు? మిర్చి ఇంట్లో కాయదు. తునికాకు ఏప్రిల్, మే నెలల్లోనే కోయాలి, భద్రాచలం అడవుల్లో కోయ అక్కలు కోసి, యాభై ఆకులకో కట్ట కట్టి, కల్లానికి మోసుకుపోవాలి. ఇటుక బట్టీ ఎండలోనే నడవాలి. వడ్లు కొనుగోలు కేంద్రంలో ఆరబోసి, కాంటా అయ్యేదాకా రైతు కాపలా ఉండాలి. ఎండలో ధాన్యం కుప్ప దగ్గర కూలిపోయిన రైతు వార్త చదవని వేసవి ఉందా? సలహా చెబితే సరిపోదు, పని వేళ మార్చాలి, కూలి కోయకుండా మార్చాలి.

ఇక్కడ మనలో మనం మాట్లాడుకోవాల్సిన మాట ఉంది. ఈ సభలో రైతులున్నారు, కూలీలున్నారు, రెండూ అయిన వాళ్లే ఎక్కువ. పొద్దున ఆరింటికి మొదలుపెట్టి పదకొండింటికి ఆపేస్తే ఏరుడు వెనకబడుతుంది, అదనంగా రెండు రోజుల ఆటో కిరాయి పడుతుంది, ఈ ఏడు మిర్చి ధర ఎలా పడిందో మీరు చూశారు, ఎక్కడి నుంచి తేవాలి అని రైతు అంటాడు. ఆ బాధ అబద్ధం కాదు. కానీ ఆ నష్టాన్ని కూలి మనిషి ఒంటి మీద రాబట్టుకోవడం మాత్రం మన సంఘం ఒప్పుకోదు. కొన్ని ఊళ్లలో ఇప్పటికే తెల్లవారుజామున అయిదున్నరకు దిగి పదిన్నరకు లేస్తున్నారు. ఎండెక్కాక ఏరే కాయకన్నా చల్లపూట ఏరే కాయే ఎక్కువని ఆ రైతులే చెబుతున్నారు. పని గంటలు తగ్గితే తూకం ఆ మేరకే తగ్గుతుందని అనుకోవద్దు. సాలు చివర నాలుగు కర్రలు పాతి పరదా కట్టడం, కుండ పెట్టడం, ఆడవాళ్లకు ఒక చాటు ఏర్పాటు చేయడం, వీటికి ప్రభుత్వ జీవో అక్కర్లేదు. మందు కొట్టే పని అయితే ఎండలో అసలు వద్దు. చెమటతో తడిసిన చర్మం మందును ఎక్కువగా పీలుస్తుంది. ఊపిరాడదని మూతికి కట్టిన గుడ్డ తీసేస్తారు. అది వడదెబ్బో విషమో తర్వాత డాక్టరుకూ తేలదు.

ప్రభుత్వం చేయాల్సింది ప్రభుత్వం చేయాలి. ఉపాధి హామీ పనుల్లో మన రెండు రాష్ట్రాల్లో వేసవి భత్యం ఉండేది. ఫిబ్రవరిలో 20 శాతం, మార్చిలో 25, ఏప్రిల్, మే నెలల్లో 30, జూన్‌లో 20. ఎండాకాలం నేల గట్టిబడుతుంది, మనిషి అలసిపోతాడు, కాబట్టి తక్కువ తవ్వినా పూర్తి కూలి పడాలన్న న్యాయం అందులో ఉంది. దాన్ని తీసేశారు. సాఫ్ట్‌వేర్ మారిందన్నారు. సాఫ్ట్‌వేర్ మారితే నేల మెత్తబడిందా? పైగా ఫోన్‌లో హాజరు వచ్చింది. పొద్దున ఒక ఫొటో, పని చివర మళ్లీ ఒక ఫొటో. సిగ్నల్ దొరికేదాకా, రెండో ఫొటో ఎక్కేదాకా జనం గట్టు మీద ఎండలో నిలబడాలి. తవ్వే పని అయిపోయాక ఫొటో కోసం ఎండలో నిలబెట్టడం ఏ చట్టంలో ఉంది? చట్టంలో ఉన్నది నీడ, తాగునీరు, ప్రథమ చికిత్స పెట్టె. ఆ మూడూ ఎన్ని చోట్ల ఉన్నాయో మీరే చేతులెత్తి చెప్పండి. (సభలో చేతులు లేవలేదు.)

కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ నుంచి, అటు కడప నుంచి మన పిల్లలు గల్ఫ్‌కు పోయారు. కువైట్‌లో జూన్ నుంచి ఆగస్టు దాకా పదకొండు నుంచి నాలుగు వరకు బయట పని చేయించడం నిషేధం. ఖతర్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా పదింటి నుంచి మూడున్నర వరకు నిషేధం. ఆ దేశాలు కూలీల స్వర్గాలని మేం చెప్పడం లేదు. అక్కడా మన పిల్లల శవపేటికల మీద గుండె ఆగి చనిపోయారని రాసి పంపుతూనే ఉన్నారు. కానీ కాగితం మీదైనా చట్టం ఉంది. మన దేశంలో పొలం కూలీకి అలాంటి చట్టం లేదు. అంత దూరం ఎందుకు, పక్కనున్న ఒడిశా 1998లో రెండు వేల మందిని పోగొట్టుకొని బుద్ధి తెచ్చుకుంది. ఎండలు ముదిరితే మధ్యాహ్నం పనులు ఆపాలని అక్కడ ఆదేశాలు ఇస్తున్నారు. అహ్మదాబాద్‌లో 2010 మే నెలలో మామూలు కంటే 1,344 చావులు ఎక్కువ నమోదయ్యాయి. వడదెబ్బ అని రాసినవి లెక్కపెట్టి తేల్చింది కాదు ఇది, మొత్తం చావులను పాత ఏళ్లతో పోల్చి తేల్చింది. ఆ లెక్క బయటికి వచ్చాకే 2013లో అక్కడ ఎండల కార్యాచరణ ప్రణాళిక వచ్చింది. మా పట్టుదల అంతా అదే. ప్రతి మే నెలలో ఊళ్లో ఎంతమంది పోయారో పంచాయతీ రిజిస్టర్లోనే ఉంటుంది. మార్చితో పోల్చి చూడండి. ఎవరూ అడగరు కాబట్టి ఎవరూ చూడరు.

చలి సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇదే జిల్లాలో, ఇదే మనుషుల మీద అది కూడా పడుతుంది. డిసెంబర్, జనవరి నెలల్లో యాసంగి నాట్లకు తెల్లవారుజామున మోకాటి లోతు చల్లని నీళ్లలో దిగేది ఆడవాళ్లే. ఆదిలాబాద్ వైపు సిర్పూర్‌లో, అటు ఆంధ్రాలో చింతపల్లి, లంబసింగిలో అయిదు డిగ్రీల లోపుకు పడిపోతుంది. లంబసింగికి పట్నం వాళ్లు మంచు చూడటానికి కార్లలో పోతారు. అక్కడి గిరిజన పిల్లలు హాస్టళ్లలో చన్నీళ్ల స్నానం చేసి పలచటి దుప్పటి కప్పుకొని పడుకుంటారు, దాన్ని చూడటానికి ఎవరూ పోరు. చలికి నరాలు ముడుచుకొని రక్తపోటు పెరుగుతుంది, తెల్లవారుజాము గుండెపోట్లు ఆ కాలంలో ఎక్కువ. తలుపులు మూసి బొగ్గుల కుంపటి పెట్టుకొని పడుకుంటే వాసన లేని విషవాయువుకు నిద్రలోనే పోతారు. కిటికీ కొంచెమైనా తీసి ఉంచండి. రాత్రిపూట కరెంటు ఇచ్చిన కాలంలో చలిలో, చీకట్లో మోటారు దగ్గరికి పోయి పాము కాటుకు, షాకుకు పోయిన వాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. ఆ చావులను కూడా చలి ఖాతాలో ఎవరూ రాయలేదు.

ఒక తేడా మాత్రం వినండి. కేంద్రం విపత్తుల జాబితాలో తుపాను, కరువు, వరద, వడగళ్లతో పాటు చలిగాలులు కూడా ఉన్నాయి. వడగాడ్పు లేదు! చేర్చాలని రాష్ట్రాలు అడిగాయి. పదిహేనో ఆర్థిక సంఘం అక్కర్లేదంది. రాష్ట్రం కావాలనుకుంటే తన విపత్తు నిధిలో పదో వంతు దాకా సొంత జాబితాలోని విపత్తులకు వాడుకోవచ్చు, అంతే. ఉత్తరాదిలో చలికి పోతారు కాబట్టి చలిని చేర్చడం న్యాయమే, దాన్ని తీసేయమనడం లేదు. ఎండకు పోయేవాళ్లూ మనుషులే అంటున్నాం.

ఈ ఏప్రిల్‌లో మన రాష్ట్ర ప్రభుత్వం వడగాడ్పును రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది. వడదెబ్బకు చనిపోతే నాలుగు లక్షల పరిహారం అంది. ఇంతకుముందు ఆపద్బంధు కింద యాభై వేలు ఉండేది. ఇది మంచి అడుగు, సంఘం స్వాగతించింది. అయితే జీవో వచ్చినంత మాత్రాన డబ్బు రాదు. వడదెబ్బ చావేనని తహసీల్దారు, ఎస్సై, ప్రభుత్వ డాక్టరు కలిసి తేల్చాలి. తేల్చడానికి వాళ్లకు ఆధారం కావాలి. శవాన్ని కోసి చూసినా వడదెబ్బకు ప్రత్యేకమైన గుర్తు దొరకదు. మనిషి ఎక్కడ, ఏ వేళ, ఏ పనిలో ఉన్నాడు, ఒంటి వేడి ఎంత, ఆ రోజు మండలంలో ఎండ ఎంత, వీటిని బట్టే చెప్పాలి. కాబట్టి దుఃఖంలో ఉన్న కుటుంబం చేయలేని పనిని ఊళ్లోని మన సంఘం చేయాలి. 108కి ఫోన్ చేస్తే ఆ వేళ నమోదవుతుంది. ఆసుపత్రిలో మొట్టమొదట ఒంటి వేడి చూసి చీటీ మీద రాయమని అడగండి. వెంటనే పంచాయతీ కార్యదర్శికి, పోలీస్ స్టేషన్‌కు రాతపూర్వకంగా తెలపండి. పోస్టుమార్టానికి ఇంటివాళ్లు ఒప్పుకోరు, శవాన్ని కోయించడం ఎందుకని ఏడుస్తారు. ఆ మాట మెల్లగా, దగ్గరి బంధువు చేతనే చెప్పించండి. పక్క సాలులో పనిచేసిన ఇద్దరి వాంగ్మూలం ఆ రోజే రాయించండి. వారం దాటితే వాళ్లు వేరే జిల్లాకు పనికి వెళ్లిపోతారు.

మరి రైతుబీమా ఉంది కదా అంటారు. ఉంది, ఏ కారణంతో పోయినా అయిదు లక్షలు. కానీ పట్టా పాస్‌బుక్ ఉన్నవాళ్లకు, 18 నుంచి 59 ఏళ్ల లోపు వాళ్లకే. కౌలు రైతుకు లేదు. కూలీకి లేదు. అరవై దాటిన తాతకు లేదు. ఎండ ఎవరిని ముందు తీసుకుపోతుందో ఇందాక చెప్పుకున్నాం. సరిగ్గా వాళ్లే బయట ఉన్నారు. అందుకే ఈ నాలుగు లక్షల జీవోను గట్టిగా పట్టుకోవాలి.

వచ్చే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి ఊరికి ఇద్దరు చొప్పున రండి. వేసవి భత్యం తిరిగి ఇవ్వాలి, ఎండ హెచ్చరిక ఉన్న రోజుల్లో ఉపాధి హాజరు రెండో ఫొటో ఎత్తేయాలి, కొనుగోలు కేంద్రాల్లో నీడ, నీళ్లు లేకపోతే కాంటా నిర్వాహకుల మీద చర్య తీసుకోవాలి, కేంద్రం జాబితాలో వడగాడ్పును చేర్చాలని రాష్ట్రం రాయాలి అని దరఖాస్తు తయారుచేశాం. ఈ మూడేళ్లలో మీ ఊళ్లో మార్చి నుంచి జూన్ దాకా ఎండ పనికి పోయి చనిపోయిన వాళ్ల పేరు, వయసు, తేదీ, ఆ రోజు చేసిన పని, కాగితాలు ఉన్నాయా లేవా అన్నది రాయడానికి ఒక ఫారం కూడా ఉంది. దరఖాస్తులూ ఫారాలూ వాకిట్లో నీళ్ల కుండ పక్కన బల్ల మీద పెట్టాం. ఊరికి ఒకటి తీసుకొని, శనివారం సాయంత్రానికి నింపి ఆఫీసులో ఇవ్వండి. ఇప్పుడు పదీ ఇరవై అయింది. మజ్జిగ తాగి బయలుదేరండి.